ద్వాలి నాలుక మీద చచ్చిన చక్కెర

ద్వాలి జీవితంలో మొదటి తగాదా ఒక బెల్లం ముక్క దగ్గర వచ్చింది. అప్పటికి ఆమెకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. ఏన్కూరు దాటాక అడవి అంచున వాళ్ల తండా. మేకల్ని తోలుకుపోయి పొద్దున్నంతా ఏదో తీగ ఆకు నములుతూ కూర్చుని, మధ్యాహ్నం తిరిగొచ్చి కిరాణా కొట్టులో బెల్లం కొనుక్కుంది. నోట్లో వేసుకుంటే బంకమట్టి. ఆమె ఏడవలేదు. ఆ ముక్కను త్రాసు పళ్లెంలోకి విసిరికొట్టి, "మట్టికి రంగేసి అమ్ముతున్నవా?" అని తండా మొత్తానికి వినపడేలా అరిచింది. కొట్టతను బెల్లం కొరికి చూపించాడు. దారిన పోయేవాళ్లు కొరికి చూశారు. అందరూ తియ్యగా ఉందన్నారు. లోకమంతా ఒక్కటై తనను మోసం చేస్తోందని ద్వాలి నిర్ధారించుకుంది. గంట తర్వాత, అలిగి కూర్చున్న చోటే, పంటి సందున ఇరుక్కున్న బెల్లం పలుకు హఠాత్తుగా తియ్యగా తగిలింది. ఇక ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తప్పు బెల్లానిది కాదు, కొట్టువాడిది కాదు, ఆకుది! మర్నాడు మళ్లీ ఆకు నమిలి మళ్లీ బెల్లం తిని సరిచూసుకుంది. విశ్వవిద్యాలయాల్లో కొందరికి ముప్పై ఏళ్లకు కూడా అబ్బని అలవాటు ఇది.

ఆ తీగ పేరు పొడపత్రి. చెట్లను అల్లుకుని పాకుతుంది, ఆకు అడుగున మెత్తని నూగు ఉంటుంది, తుంచితే పాలు కారుతాయి. నమిలితే కాస్త చేదు. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా నాలుకకు తీపి తెలియదు. పులుపు తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, చక్కెర మాత్రం ఇసుక.

ఇక్కడిదాకా చదవగానే కొందరి కళ్లు చెమరుస్తాయని తెలుసు. అడవితల్లి ఒడి, తరతరాల వైద్యం, మనం మరచిపోయిన జ్ఞానం వగైరా. ఆ కళ్లు తుడుచుకోవచ్చు. ఆ తండాలో పొడపత్రిని ఎవరూ దేనికీ మందుగా వాడలేదు. షుగరు జబ్బు ఉందని తెలియాలంటే ముందు షుగరు పరీక్ష ఆ దారి పట్టాలి కదా. ఆ తండా ఆడపిల్లలు పొడపత్రిని వాడింది ఒక్కదానికే. కొత్త పెళ్లికొడుకును ఏడిపించడానికి. తాంబూలంలో రెండు ఆకులు కలిపి నమిలించి, ఆ వెంటనే నెయ్యీ బెల్లమూ వేసి నలిపిన రొట్టె తినిపించి, "ఎట్లున్నది బావా?" అని చుట్టూ చేరేవారు. వరుడి మొహం చూడాలి మరి.

ద్వాలిని చేసుకున్న భద్రు మొహంలో మాత్రం ఏ మార్పూ రాలేదు. నాలుగు ముద్దలు బుద్ధిగా మింగి, "శానా తియ్యగున్నది" అన్నాడు. ఆడపిల్లలు పడీ పడీ నవ్వారు. ద్వాలి నవ్వుతూనే మనసులో ఒక మాట రాసుకుంది. ఇతను మంచివాడు. ఎవరి మనసూ నొప్పించడు. కనుక ఏ విషయంలోనూ ఇతని సాక్ష్యం పనికిరాదు.

పెళ్లయ్యాక ఇద్దరూ ఖమ్మం వచ్చేశారు. ఖానాపురం హవేలిలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. భద్రు షేరాటో తోలేవాడు. ద్వాలి రెండు వేల ఒకటిలో, ఊరి శివారున కొత్తగా లేచిన ఒక ఫార్మసీ కాలేజీలో సీసాలు కడిగే పనికి కుదిరింది. మూడేళ్లు కడిగింది. ఆ మూడేళ్లలో కాలేజీకి ఆమె పేరు తెలిసిన సందర్భాలు రెండే. రెండూ సీసాలు పగిలినప్పుడు.

రెండు వేల నాలుగులో జ్యోత్స్న వచ్చింది. మధిర వైపు పిల్ల. కాలేజీలో పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ చేస్తోంది. చక్కెర వ్యాధి మీద పొడపత్రి ఎలా పనిచేస్తుందన్నది ఆమె విషయం. ఒక మూలికల వ్యాపారి నుంచి గోనెసంచి నిండా ఆకు తెప్పించి బల్ల మీద పోసింది. సీసాల బుట్ట మోసుకుపోతున్న ద్వాలి ఆగి, ఒక ఆకు తీసి నమిలి, టీ డబ్బాలోంచి చిటికెడు చక్కెర అడగకుండానే తీసుకుని నోట్లో వేసుకుంది.

"ఏంటి ద్వాలీ, ఏం చేస్తున్నావు? ల్యాబులో ఏదీ నోట్లో పెట్టుకోకూడదు!" అంది జ్యోత్స్న కంగారుగా.

"తియ్యగున్నది మేడం."

"చక్కెర తియ్యగా కాక ఎలా ఉంటుంది?"

"అదే చెప్తున్న. తియ్యగ ఉండొద్దు. ఇది పొడపత్రి గాదు. ఎవడో మిమ్మల్ని మంచిగ ముంచిండు."

ఆ ఆదివారం ద్వాలి తండాకు పోయి, నిజం ఆకు తెచ్చి, జ్యోత్స్న చేత నమిలించి, ఆపైన ఒక గులాబ్‌జామ్ తినిపించింది. పెదవుల మీద పాకం కారుతుండగా జ్యోత్స్న, "రబ్బరు బంతి నములుతున్నట్టుంది!" అని ఎగిరి గంతేసింది. ప్రిన్సిపాల్ నిర్మలాదేవి గారు అటుగా వస్తున్నారని చూసుకోలేదు. ఆ రోజు నుంచి ద్వాలి ఆకు మనిషి అయింది. సీసాలు ఇంకొకరు కడిగారు.

ఆమె పని పద్ధతి చెప్పుకోవాలి. ఒకసారి ఆకు నమిలితే గంటదాకా నాలుక చచ్చి ఉంటుంది కాబట్టి, రెండో తీగను పరీక్షించాలంటే ఆ గంటా ఆగాల్సిందే. కనుక ఒక తీగకు ఒక గంట. పొద్దున బస్సెక్కి పోయి, తీగ దగ్గర చతికిలబడి, ఆకు నమిలి, కొంగు ముడిలోని చక్కెర చిటికెడు వేసుకుని, ఇసుకలా ఉంటే ఆ తీగకు ఎర్ర దారం కట్టి, నాలుక బతికేదాకా కూర్చునేది. రోజుకు ఆరు తీగలు, మహా అయితే ఏడు. దారం కట్టిన తీగ నుంచే ఆకు కోసేది. ఇంకో ఇద్దరిని పెట్టుకుంటే పని జల్దీ అవుతుంది కదా అని జ్యోత్స్న ఒకసారి అంటే, "నాలుకలు కిరాయికి దొరకయి మేడం, దొరికినా అన్నీ నిజం చెప్పయి" అంది. భద్రు జ్ఞాపకం వచ్చి ఉంటుంది.

కోసుకొచ్చిన ఆకు కాలేజీ పై వరండాలో జల్లెడ పళ్లేల మీద నీడన ఆరేది. రోజూ సాయంత్రం పళ్లేన్ని తూచేవారు. మూడు రోజులు వరసగా తూకం మారకపోతే ఆకు ఎండినట్టు లెక్క. తర్వాత పొడి కొట్టి, సారం తీసి, హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలకు పంపేవారు. అసలు తమాషా అక్కడే జరిగేది.

ఆ తమాషా ఏమిటో జ్యోత్స్న ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుని ద్వాలికి చెప్పింది. పుస్తకం భాషలో చెప్పి, ద్వాలి మొహం చూసి, భద్రాచలం బస్సు భాషలోకి దిగింది.

"క్లోమం గ్రంథిలో బీటా కణాలని ఉంటాయి. ఒక్కో కణం ఒక బస్సనుకో. బస్సు టాపు మీద మూటలుంటాయి. ఆ మూటలే ఇన్సులిన్. అవి రక్తంలోకి దిగితేనే చక్కెర అదుపులో ఉంటుంది. మామూలప్పుడు బస్సు వెనక తలుపు తెరిచే ఉంటుంది. పొటాషియం అనేవాళ్లు అందులోంచి నెమ్మదిగా దిగిపోతూ ఉంటారు. ఒత్తిడి ఉండదు, మూటలు కదలవు."

"ఆదివారం బస్సు తీర్గ ఖాళీ ఉంటది."

"ఆ. మనం అన్నం తిన్నాం, చక్కెర కణంలోకి వెళ్లింది. అప్పుడు వెనక తలుపు మూసుకుంటుంది. దిగేవాళ్లు లోపలే ఇరుక్కుంటారు. ఒత్తిడి పెరుగుతుంది. పెరిగి పెరిగి ముందు తలుపు ధడాలున తెరుచుకుంటుంది. అక్కణ్ణుంచి కాల్షియం అనేవాళ్లు తోసుకుంటూ ఎక్కేస్తారు. ఆ కుదుపుకి టాపు మీది మూటలు కిందపడతాయి."

"ఏక్‌దం జాతర బస్సు!" ద్వాలి చప్పట్లు కొట్టింది. "అయితే మన ఆకు ఏం చేస్తది? వెనక తలుపు మూస్తదా?"

"అదే కదా నా పీహెచ్‌డీ! షుగరు మాత్రల్లో ఒక రకం సరిగ్గా ఆ పనే చేస్తుంది. పోయి వెనక తలుపు మూసేస్తుంది. ఆకు కూడా అదే చేస్తుందా, ముందు తలుపు తెరుస్తుందా తెలియాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. పొడపత్రిలో కుంకుడుకాయలో ఉన్నట్టే నురుగొచ్చే పదార్థాలున్నాయి. అవి కణం గోడకే బొక్కలు పెట్టగలవు. అంటే తలుపుల జోలికే పోకుండా, అద్దాలు పగలగొడుతోందేమో."

ద్వాలి ముద్ద నోట్లో పెట్టుకోవడం మరచిపోయి ఆలోచించింది. "అద్దాలు పగిలినా మూటలైతే పడతయి."

"పడతాయి. కానీ బస్సు పాడైపోతుంది."

"మళ్లీ నడవదు."

"అదీ సంగతి."

హైదరాబాద్‌లో ఎలుక క్లోమం నుంచి వచ్చిన కణాలను గిన్నెల్లో పెంచేవారు. వెంట్రుక మందంలో యాభయ్యో వంతు సన్నటి గాజు సూదిని ఒక్క కణం గోడకు ఆనించి, ఏ తలుపు ఎంతసేపు తెరుచుకుందో విద్యుత్తు కొలిచి చెప్పేవారు. ఆ గీతల కాగితాలు ఖమ్మం వచ్చినప్పుడల్లా ద్వాలి ముందుగా అడిగేది ఒకటే: "మూటలు పడ్డయా?" రెండేళ్లు పడ్డాయి.

రెండు వేల ఆరు ఫిబ్రవరిలో పడలేదు.

జనవరి ఆకు సారానికి కణాలు ఉలకలేదు, పలకలేదు. జ్యోత్స్న మిగిలిన పొడిని నీళ్లలో కలిపి గిలకొట్టి చూసింది. గాజుగొట్టం మెడదాకా రావాల్సిన నురుగు, టీ మీది మీగడంత వచ్చింది. ఆమె నేరుగా ద్వాలి దగ్గరికి వచ్చింది.

"నిజం చెప్పు ద్వాలీ. ఈసారి నమిలి చూశావా, లేక ఎవరో కోస్తే తెచ్చావా?"

"ఎర్ర దారం తీగలే మేడం. నేనే కోసిన."

"ప్రతి తీగా నమిలావా?"

"నమిలిన."

"మరి ఇదేంటి?"

"నాకేమెరుక? తలుపులు మీవి, ఆకు నాది. నా ఆకు మంచిదే."

మాట ప్రిన్సిపాల్ గది దాకా పోయింది. నిర్మలాదేవి గారు ప్రాచీన విజ్ఞానాన్ని ఎంత గౌరవించేవారో, సీసాలు కడిగే మనిషి నాలుకను అంత అనుమానించేవారు. ఏప్రిల్ నుంచి ఆకు వ్యాపారి దగ్గరే తెప్పించాలనీ, ద్వాలి మళ్లీ సీసాల దగ్గరికి పోవాలనీ తేల్చేశారు. వరండాలో అప్పటికే ఆరబెట్టిన మార్చి ఆకు ఒక్కటే మిగిలింది. అది పనిచేస్తే సరి. లేకపోతే ద్వాలి ఆకు కొలువు ముగిసినట్టే.

సీసాలు కడగడం ఆమెకు నామోషీ కాదు. మూడేళ్లు కడిగిన చేతులే. ఆమెను తినేసిన సందేహం వేరు. నాలుకే మోసం చేస్తోందేమో? నలభై అయిదేళ్లు వచ్చాయి. కళ్లకు చత్వారం వచ్చినట్టు నాలుకకూ వస్తుందేమో? రోజూ పొద్దున లేవగానే చిటికెడు చక్కెర వేసుకుని చూసుకునేది. ఒక రోజు తియ్యగా ఉన్నట్టుండేది, ఒక రోజు తక్కువైనట్టుండేది. భద్రు టీ తాగుతుంటే గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగేది.

"తియ్యగున్నదా?" అని అడిగేది.

"తియ్యగనే ఉన్నది..."

"నువ్వు చెప్పకు!"

ఆ టీలో ఆమె చక్కెరే వేయలేదని భద్రు మూడో రోజు గానీ బయటపెట్టలేదు.

మార్చిలో ఒక శుక్రవారం కాలేజీలో ప్రకృతి వైద్య దినం జరిపారు. నిర్మలాదేవి గారి ఆలోచన. షామియానా, మైకు, పూలకుండీలు, ఎవరో పెద్దాయన ముఖ్య అతిథి. గేటు దగ్గర వాచ్‌మన్ ఇన్నయ్య కొత్త యూనిఫాం వేసుకుని, మెడలో విజిల్‌తో నిలబడ్డాడు. ఇన్నయ్య నేలకొండపల్లి దగ్గరి కేథలిక్ మనిషి. యాభై అయిదేళ్లవాడు, అందరికీ కావలసినవాడు. గేటు ముందు చిమ్మడం, గదుల తాళాలు, పై వరండా తాళం, అన్నీ ఆయనవే. మూడేళ్లుగా షుగరు. మాత్రలు వేసుకుంటున్నాడు.

ముఖ్య అతిథి ప్రసంగం మొదలై పావుగంట కాకముందే గేటు దగ్గర విజిల్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. ఈసారి ఆగలేదు. వెనక వరసలవాళ్లు తిరిగి చూస్తే, ఇన్నయ్య ఖాళీ రోడ్డు మధ్యలో నిలబడి, లేని కార్లను కుడికీ ఎడమకూ మళ్లిస్తున్నాడు. దారిన పోతున్న మేకకు నిటారుగా సెల్యూట్ కొట్టాడు. అది ఆగలేదని కోప్పడ్డాడు. తర్వాత గేటు పట్టుకుని దానితోపాటే లోపలికి బయటికి ఊగుతూ, "రైట్ రైట్! సత్తుపల్లి, సత్తుపల్లి!" అని పిలవసాగాడు.

"తాగాడు," అన్నారు నిర్మలాదేవి గారు పళ్లబిగువున. "ఈ రోజే తాగాలా!"

ముందుగా పరుగెత్తింది ద్వాలి. భుజం పట్టుకుంటే చొక్కా చెమటతో తడిసి ముద్దయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. నోటి దగ్గర వాసన చూసింది. "తాగలే మేడం. వాసన లే."

జ్యోత్స్న వచ్చి ఒక్క చూపు చూసింది. "షుగర్ పడిపోయింది! పొద్దున ఏమన్నా తిన్నావా ఇన్నయ్యా?"

"తపస్కాలం శుక్రవారం తల్లీ," అన్నాడు ఇన్నయ్య గేటు మీద ఊగుతూనే, మహా హుందాగా. "పస్తు."

"మాత్ర వేసుకున్నావా?"

"మాత్రకు పస్తు ఎందుకుంటది? ఏసుకున్న."

"చక్కెర నీళ్లు! ద్వాలీ, పరుగెత్తు!"

ద్వాలి క్యాంటీన్ నుంచి గ్లాసుడు నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర కలిపి తెచ్చింది. ఇన్నయ్య ఒక గుక్క తాగి, తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏంది చెల్లె, ఉత్త నీళ్లు తెచ్చినవ్? చక్కెర లేదా కాలేజీల?"

ఇంకో నాలుగు చెంచాలు వేశారు. మళ్లీ ఉమ్మాడు. "బురద! బావి పూడిక తీసిండ్రా ఏంది?"

జ్యోత్స్న మొహం పాలిపోయింది. క్యాంటీన్ డబ్బాలో చక్కెరకు బదులు ఇంకేమన్నా ఉందేమోనని గ్లాసు అంచు మీద వేలు రాసి నాకి చూసింది. పాకం! షామియానాలోంచి మైకు గొంతు గంభీరంగా వస్తోంది: "ప్రకృతి ఇచ్చిన ఆకుకు దుష్ఫలితమన్నది ఉండదు. ఏనాడూ ఉండదు..."

ద్వాలి కదలకుండా నిలబడిపోయింది. పాకం లాంటి నీళ్లను బురద అంటున్న మనిషి. లోకంలో అలా అనగలిగిన వాళ్లను ఆమె అంతవరకు రెండు రకాలుగానే చూసింది. ఆకు నమిలిన పెళ్లికొడుకులు. ఆకు నమిలిన తను. ఇన్నయ్య దవడ పట్టుకుని నోరు తెరిచింది. బుగ్గ సందున గోధుమరంగు ఆకు పిప్పి. వేలితో గోకి అరచేతిలో వేసుకుని ఎండలో చూసింది. అడుగున నూగు.

"ఇన్నయ్యన్నా! నా ఆకు తింటున్నవా?"

"కొద్దిగనే చెల్లె," అన్నాడు ఇన్నయ్య, బడిలో దొరికిపోయిన పిల్లాడి మొహంతో.

"అయితే అది నీళ్లు గాదు, నీ నాలుక చచ్చింది. తియ్యగ ఉంటేనే చక్కెరా? కడుపుకు నాలుక లేదు. నోరు మూస్కొని మింగు!"

"బురద మింగమంటవా?"

"మింగు! లేకుంటే ముక్కు మూసి పోస్త!"

మింగాడు. గ్లాసు మొత్తం, ప్రతి గుక్కకూ పాపం నరకం చూస్తూ. పావుగంటలో వణుకు తగ్గింది. గేటు మీద ఊగుతున్నది తనేనని గమనించి, సిగ్గుపడి దిగాడు. ఆ మాత్రల పని అంతటితో తీరదనీ, షుగరు మళ్లీ పడిపోవచ్చనీ చెప్పి, ఇన్నయ్యను అక్కడే వదిలెయ్యడానికి జ్యోత్స్న ఒప్పుకోలేదు. భద్రు ఆటోలోనే దవాఖానాకు తీసుకుపోయారు. గ్లూకోజు ఎక్కించి మర్నాటి దాకా ఉంచుకున్నారు. ఆటో ఎక్కుతుంటే కూడా మైకు ఆగలేదు.

మర్నాడు పొద్దున ద్వాలి, జ్యోత్స్న దవాఖానాకు వెళ్లారు. ఇన్నయ్య పరుపు మీద ఇడ్లీ తింటున్నాడు. ద్వాలిని చూడగానే ఇడ్లీ పక్కన పెట్టాడు.

"ఎప్పటిసంది తింటున్నవ్?" అంది ద్వాలి.

"క్రిస్మస్ కేకు తిన్న భయానికి మొదలుపెట్టిన. రోజుకో పిడికెడు. మన మేడమే అంటది గద, షుగరుకు మంచిదని. నిన్న పస్తు గదా, ఆకలి చస్తదని రెండు పిడికిళ్లు."

"నేనెప్పుడు మంచిదన్నాను? పనిచేస్తుందో లేదో చూస్తున్నానన్నాను!" జ్యోత్స్న నెత్తి పట్టుకుంది. "మాత్ర పోయి వెనక తలుపు మూస్తుంది ఇన్నయ్యా. ఆకు కూడా పోయి దాన్నే తోస్తోందేమో నాకే ఇంకా తెలీదు. లోపల తిండి లేదు. ఇంక మూటలన్నీ పడిపోవా?"

"ఏ మూటలు?"

"నీకు తర్వాత చెప్త," అంది ద్వాలి. "అయితే ఒక్క ముచ్చట చెప్పు. రోజుకో పిడికెడు తీస్తే పళ్లెం తూకం తగ్గాలె గద. ఎందుకు తగ్గలే?"

ఇన్నయ్య మొహం ఒక్కసారిగా వెలిగింది. ఈ ప్రశ్న కోసమే మూడు నెలలుగా ఎదురుచూస్తున్నట్టుంది.

"తగ్గనిస్తనా చెల్లె? తూకం తగ్గితే నిన్ను మాటంటరని నాకెరుక లేదా? నేను తిన్నదానికి నీకు మాట రావద్దు. గేటు కాడ కానుగాకు రోజూ ఊడుస్త గద. అందుల మంచిగ ఎండింది ఏరి, నలిపి, ఎంత తీసిన్నో అంత కలిపేటోణ్ణి. తూచి మరీ కలిపిన. ఒక్క గ్రాము తేడా రానియ్యలే!"

జ్యోత్స్న ద్వాలి వైపు చూడలేకపోయింది.

"నా మీద దయతోటి నా కొలువు పీకినవ్ గదన్నా," అంది ద్వాలి. తిట్టాలనే అంది. మధ్యలోనే నవ్వొచ్చేసింది. నవ్వు ఆపుకోబోయి కుర్చీలోంచి జారింది. జ్యోత్స్నకూ అంటుకుంది. నర్సు వచ్చి, ఇది దవాఖానా అని గుర్తుచేసింది. ఇన్నయ్య ఒక్కడే ఏమీ అర్థంకాక, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ ఇడ్లీ తిన్నాడు.

ఇన్నయ్యకు షుగరు పడిపోయింది ఆకు వల్లేనా? నిర్మలాదేవి గారికి ఆ మాట వినడమే ఇష్టం లేదు. ఊళ్లో కొందరికేమో ఆకు విషమని చెప్పుకోవడం మహా ఇష్టమైంది. జ్యోత్స్న మాత్రం తెలియదంది. ఖాళీ కడుపున ఆ మాత్ర ఒక్కటే చాలు మనిషిని పడగొట్టడానికి. ఆకు ఒక చెయ్యి వేసిందో లేదో, ఒక మనిషినీ, ఒక పస్తునూ చూసి ఎవరూ చెప్పలేరు. తెలియదు అనే మాటకు మన దగ్గర చప్పట్లు పడవు. ఆ రోజు ద్వాలి ఒక్కతే కొట్టింది.

ఆ సాయంత్రమే ఇద్దరూ వరండాలో కూర్చుని మార్చి పళ్లేలు ఏరారు. ఎండి నలిగిన ఆకులన్నీ పైకి ఒక్కలాగే ఉంటాయి. అందుకే ఎవరూ కనిపెట్టలేదు. భూతద్దం కింద మాత్రం కానుగాకు నున్నగా మెరుస్తుంది, పొడపత్రి అడుగున నూగు కనబడుతుంది. చీకటి పడేలోపు రెండు కుప్పలయ్యాయి. కానుగ కుప్ప సగానికి కాస్త తక్కువ. రెండింటినీ వేరువేరు గొట్టాల్లో వేసి గిలకొడితే ఒకదాంట్లో నురుగు మూతదాకా పొంగింది.

"తప్పు నాది ద్వాలీ," అంది జ్యోత్స్న. "తూకం నమ్మాను, నిన్ను నమ్మలేదు."

"నేనే నమ్మలే మేడం, మీరు నమ్ముతరా?" అంది ద్వాలి నురుగు వైపు మురిపెంగా చూస్తూ. "ఇగ వరండా తాళం నాకియ్యిండ్రి."

ఏరిన ఆకు సారం హైదరాబాద్ పోయింది. పొట్లం మీద అంటించే చీటీలో, ఆకును గుర్తించినవారు అన్న గడి ఉంటుంది. అంతకుముందు దాన్ని ఖాళీగా వదిలేసేవారు. ఈసారి జ్యోత్స్న ద్వాలి పేరు రాసి, పక్కన ఏ విధంగా అన్న చోట నాలుకతో అని రాసింది. హైదరాబాద్ వాళ్లు ఫోన్ చేసి ఇది ఏ పరికరమని అడిగారు.

మే నెలలో జవాబు వచ్చింది. ఎండ మండిపోతోంది. జ్యోత్స్న కాగితాలు ఊపుకుంటూ మెట్లు రెండేసి చొప్పున దిగొచ్చింది.

"పడ్డాయి ద్వాలీ! మూటలు పడ్డాయి!"

"అద్దాలు?"

"తక్కువ మోతాదులో అద్దాలు బాగానే ఉన్నాయి! ముందు తలుపులోంచి కాల్షియం ఎక్కింది, సారం కడిగేశాక కణం మళ్లీ మామూలైంది. మోతాదు పెంచితే మాత్రం అద్దాలు భళ్లుమన్నాయి. వెనక తలుపు సంగతి ఇంకా తేలలేదు. ఇంకో ఏడాది పని!"

"ఇంకో ఏడాది ఆకు!" అని ద్వాలి అరిచింది. సీసాల గదిలోంచి ఎవరో తొంగిచూశారు.

నిర్మలాదేవి గారు స్వయంగా లడ్డూలు తెప్పించారు. ప్రాచీన విజ్ఞానం గెలిచిందని ఒక ముక్క మాట్లాడారు. వ్యాపారి ఊసు ఎత్తలేదు. అందరికంటే పెద్ద లడ్డూ ద్వాలి చేతిలో పెట్టి, "తినవమ్మా" అన్నారు. ద్వాలి దాని వైపు దిగులుగా చూసింది. పావుగంట కిందే కొత్తగా వచ్చిన ఆకు నమిలి ఉంది.

"గంట ఆగుండ్రి మేడం," అంది.

లడ్డూ పట్టుకుని గేటు దగ్గరి కానుగ నీడకు వచ్చి అరుగు మీద కూర్చుంది. ఇన్నయ్య చీపురు పక్కన పెట్టి తనూ కూర్చున్నాడు. ఆయనకు లడ్డూ ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాలేజీ మొత్తానికి తెలుసు. ఇద్దరూ ఆ లడ్డూనే చూస్తూ కూర్చున్నారు. తినకూడనివాడొకడు, తిన్నా తెలియనిదొకతె. పావుగంట గడిచింది. ద్వాలి ఒక బూందీ గింజ గిల్లి నోట్లో వేసుకుంది.

"వచ్చిందా చెల్లె?"

"రాలే."

ఇంకో పావుగంట. ఇంకో గింజ.

"ఇప్పుడు?"

"ఇసుక."

రోడ్డు మీద భద్రు ఆటో ఆగింది. సంగతి విని, లడ్డూలోంచి సగం తుంచుకుని నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "శానా తియ్యగున్నది" అన్నాడు.

ద్వాలి అతని బుగ్గలు పట్టుకుని నోరు తెరిపించి చూసింది. ఆకు పిప్పి లేదు.

"ఇయ్యాల నిజమే చెప్తున్నడు," అంది ఇన్నయ్యతో, మిగిలిన సగాన్ని కొంగు చాటుకు తీసుకుంటూ. "ఇంకో గడియ ఆగుదాం."